అడుగున రాసిన మాట

నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీకాం పిల్లలకు ఉత్తరాలు రాయడం నేర్పుతాను. ప్రేమలేఖలు కాదు లెండి, వ్యాపార లేఖలు. సరుకు ఆలస్యమైతే ఎలా రాయాలి, పాడైన సరుకు వస్తే ఎలా రాయాలి, అడిగిన పని కుదరదని మర్యాదగా ఎలా చెప్పాలి. పద్నాలుగేళ్లుగా ఇదే పని. ఉత్తరాలు పోయి మెయిళ్లు వచ్చాయి, ఇప్పుడు అందరి చేతుల్లో వాట్సాప్, పాఠం మాత్రం మారలేదు. పిల్లలు బెంచీ కింద ఫోన్లు పెట్టుకుని చూసుకుంటూ ఉంటారు. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. నేను చెప్పేదీ ఆ ఫోన్ల సంగతే కదా.

అన్ని పాఠాలూ చెప్తాను గానీ, చెడ్డ వార్త ఎలా రాయాలి అన్న పాఠం దగ్గరికొచ్చేసరికి సుద్దముక్క చేతిలోనే ఆగిపోతుంది. పుస్తకంలో దానికో పద్ధతి ఉంది. ముందు ఒక మంచిమాట. తర్వాత కారణం. ఆ తర్వాత మెల్లగా చెడ్డ వార్త. చివర్లో మళ్లీ ఒక మంచిమాట. చేదు మాత్రను అరటిపండులో పెట్టి మింగించడమన్నమాట. బోర్డు మీద నాలుగు గళ్లు గీసి, ఒక్కో గడిలో ఏం రాయాలో ఎంత ఉత్సాహంగా చెప్పేవాణ్ణో! పరీక్షలో ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది, పిల్లలు ఆ నాలుగు గళ్లూ బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటారు. నేను మాత్రం ఆ నాలుగు గళ్లతో మా అన్న పని చెడగొట్టాను.

మా అన్న ఆళ్లగడ్డలో శిల్పి. మా నాయన కూడా శిల్పే. నాయన మా ఇద్దరినీ ఒకే రాతి ముందు కూర్చోబెట్టి ఉలి చేతికిచ్చాడు. అన్న చేతికి అది అంటుకుపోయింది, నా చేతి నుంచి జారి కాలిమీద పడింది. "వీడు సదువుకోని పోనీలే" అన్నాడు నాయన. అలా నాకు చదువు, అన్నకు ఉలి వచ్చాయి. అన్న అయిదో తరగతి దాటలేదు. చదవడం వచ్చు గానీ, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పెదాలు కదిపి, కూడబలుక్కుని చదువుతాడు. పది మాటలు చదివేసరికి విసుగొచ్చి పక్కన పెట్టేస్తాడు.

నాయన గురించి ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతిదేదీ అర్థం కాదు. మా షెడ్డు వెనక ఒక రాళ్ల గుట్ట ఉండేది. అందులో ఒక చెయ్యి, ఒక కిరీటం, సగం మొహం, ఇలాంటివి పడి ఉండేవి. అవన్నీ నాయన తన చేత్తో తానే పగలగొట్టినవి. రాతిలో పగులు బయటపడితే ఆ విగ్రహం పూజకు పనికిరాదు. ఒకసారి ఆరు నెలలు చెక్కిన అమ్మవారికి చెవి పక్కన గీత కనబడితే, నాయన అన్నం మానేసి ఒక రోజంతా దాని ముందు కూర్చున్నాడు. మర్నాడు లేచి సమ్మెట తీసుకున్నాడు. అమ్మ అడ్డం పోతే, "ఇది పోతే నా పేరు పోతాది. నా పేరు పోయినంక నేనుండి ఏం జేసేది?" అన్నాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ మాట అన్న కూడా విన్నాడు. నేను విని మరిచిపోయాను, అన్న మరవలేదు.

నాయన పోయాక, విగ్రహాలు చేయించుకునేవాళ్లకు అన్న తరఫున ఉత్తరాలూ మెసేజ్‌లూ రాసే పని నాది. శనివారం మధ్యాహ్నం క్లాసులు అయిపోగానే నంద్యాల బస్టాండులో ఆర్టీసీ బస్సు ఎక్కి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరేవాణ్ణి. ఆదివారం పొద్దున వదిన బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టేది. తిన్నాక షెడ్డులో ఒక రాతి మీద కూర్చుని అన్న ఫోను తీసుకునేవాణ్ణి. అన్న రాయి చెక్కుతూనే చెప్పేవాడు, నేను టైపు చేసేవాణ్ణి. ప్రతి వారం గొడవే.

"ముందు వాళ్ల ఆరోగ్యం అడుగు. వానలు పడినాయా అని అడుగు. పైర్లు ఎట్లుండాయో అడుగు. ఆ తర్వాత రాయి సంగతి రాయి."

"అన్నా, వాళ్లడిగింది పీఠం కొలత. కొలత ముందు చెప్పాల. వానల సంగతి వాళ్లకి తెలీదా?"

"ఇంట్లో అడుగు పెట్టంగానే పని మాట్లాడేవాడు మనిషేనా? ఏం సదివినావురా నువ్వు?"

నేను సరేనని తల ఊపి, నాకు తోచినట్టే రాసేవాణ్ణి. కొలత మొదటి లైనులో ఉండేది. వానలూ ఉండేవి కావు, పైర్లూ ఉండేవి కావు. "వానల సంగతి రాసినావా?" అని అన్న అడిగితే, "రాసినా" అనేవాణ్ణి. అన్నకు చదివే ఓపిక లేదు గనక నా అబద్ధం చెల్లిపోయేది. అన్ని ఏళ్లలో ఒక్క పొరపాటు జరగలేదు. అన్న మాట విననన్ని రోజులూ బాగానే నడిచింది.

మిడుతూరు దిక్కు ఒక ఊరి నుంచి నలుగురు మనుషులు వచ్చారు. వాళ్ల పాత గుడి రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. కొత్త గుడి కట్టుకుంటున్నారు, ఆంజనేయస్వామి కావాలి. వాళ్లలో పెద్దాయన రైతు, డెబ్బై దాటిన మనిషి, భుజం మీద ఎర్ర టువ్వాలు. షెడ్డులోకి రాగానే చెప్పులు బయటే విడిచాడు. ఇక్కడ రాళ్లే తప్ప దేవుళ్లు లేరని వదిన చెప్పినా వినలేదు.

"మీ నాయన చేసిన సామిని మా బిడ్డనిచ్చిన బీగుల ఊర్లో సూసినాం. ఆ చేతి పనే కావాలని వచ్చినాం. ఆయన లేడంట కదా. నువ్వుండావు కదప్పా," అన్నాడు.

ఆ మాటకు అన్న మొహం చూడాలి! ఆళ్లగడ్డలో శిల్పులకు కొదవ లేదు. రోడ్డు పొడుగునా షెడ్లే, ఉలి మోతలే. అంతమందిలో నాయన పేరు చెప్పుకుని వెతుక్కుంటూ వచ్చిన మనుషులు వాళ్లే మొదలు. ఆ రోజు అన్న రెండు జొన్నరొట్టెలు ఎక్కువ తిన్నాడు. నల్లరాయి కోసం తానే పోయి, నాలుగు రాళ్లు కొట్టి చూసి, గంటలా మోగినదాన్ని తెచ్చుకున్నాడు. ఏడు నెలలు చెక్కాడు.

నేను చాలా విగ్రహాలు చూశాను. నాకు వాటి మీద పెద్ద భక్తి ఏం లేదు, చిన్నప్పటి నుంచీ వాటి మధ్య పొర్లాడినవాణ్ణి. కానీ ఆ ఆంజనేయుణ్ణి చూస్తే నాక్కూడా చేతులు జోడించాలనిపించింది. మనిషంత ఎత్తు, ఒక చేత గద, ఒక చేత అభయం, ఒక కాలు ముందుకు. అడుగు తీసి ఇప్పుడే మన వైపు వస్తాడేమో అన్నట్టు ఉండేవాడు. నాయన ఉంటే ఏమనేవాడో అని నేనంటే, అన్న తల దించుకుని ఉలి నూరుకున్నాడు. లోపల ఎంత పొంగిపోయాడో నాకు తెలుసు.

ఒక ఆదివారం పొద్దున నునుపు పని అయిపోయింది. అన్న విగ్రహాన్ని నీళ్లతో కడిగి ఎండకు ఆరనిచ్చాడు. రాయంతా ఆరింది. కుడి మోకాలి కింద మాత్రం ఒక గీత ఆరలేదు. వెంట్రుకంత సన్నం, అడ్డంగా, పిక్క దాకా తడిగా ఉండిపోయింది. అన్న తుడిచాడు. మళ్లీ కడిగాడు. మళ్లీ ఆరనిచ్చాడు. అదే గీత. చిన్న సుత్తి తీసుకుని ఛాతీ మీద తట్టాడు, మోగింది. మోకాలి దగ్గర తట్టాడు, మోగలేదు. కొయ్యను కొట్టినట్టు ఒక చప్పుడు వచ్చిందంతే.

నేను వంగి చూశాను. ఆ గీత ఎక్కడుందో తెలిసినవాడికి తప్ప కనబడదు. వదిన కాఫీ తెస్తే అన్న తీసుకోలేదు. సుత్తి కింద పెట్టి, "ఇది పోదురా. ఇంకో రాయి తేవాల," అన్నాడు.

ముహూర్తం అప్పటికింకా రెండు నెలలుంది. కొత్త రాయి తెచ్చి చెక్కాలంటే కనీసం ఆరు నెలలు కావాలి. అంటే ఊరివాళ్లు ముహూర్తం వెనక్కి జరుపుకోవాలి. అప్పుడే చెప్తే ఏ ఇబ్బందీ లేదు. పత్రికలు ఇంకా అచ్చు కాలేదు, ఎవరినీ పిలవలేదు. చెప్పాల్సింది ఒకే మాట. రాతిలో పగులొచ్చింది, ముహూర్తం మార్చుకోండి. దీనికి ఒక వాక్యం చాలు. ఫోన్ చేసి చెప్పినా చాలు.

"ఫోన్ చేద్దామా అన్నా?" అన్నాను.

"నా నోటితో నేను చెప్పలేను. నువ్వు రాయి. కానీ ఒరే, దేవుని పని ఇది. మొదట్లోనే పగులు గిగులు అని రాయొద్దు. అపశకునం. మంచిగా మొదలుపెట్టి మెల్లగా చెప్పు. ఆ పెద్దాయన గుండె పగులుతాది."

ఎప్పుడూ వినని నేను ఆ రోజు అన్న మాట విన్నాను. అన్న కళ్లు చూసి విన్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అన్న చెప్పింది, నా పుస్తకంలో ఉన్నది ఒకటే. నాలుగు గళ్లు! నా విద్య చూపించడానికి ఇన్నాళ్లకు ఒక అవకాశం దొరికిందనుకున్నాను. రెండు గంటలు కూర్చుని రాశాను. శ్రీరామ అని మొదలుపెట్టాను. గుడి కమిటీ పెద్దలందరికీ నమస్కారాలు, గుడి పని చక్కగా సాగుతున్నందుకు సంతోషం, స్వామి రూపం మీ ఊరి భక్తికి తగ్గట్టు వచ్చింది, మొహంలో కళ ఉట్టిపడుతోంది. ఇది మొదటి గడి. నల్లరాయి స్వభావం గురించి, దాని కడుపులో ఏముందో చెక్కేవాడికి కూడా చివరి దాకా తెలియదని, రెండో గడి. మూడో గడిలో, మోకాలి కింద సన్నని గీత కనబడినందువల్ల శాస్త్రం ఒప్పదు గనక వేరే రాయి చెక్కుతామని, దయచేసి ముహూర్తం ఆరు నెలలు జరపమని. నాలుగో గడిలో మళ్లీ స్వామి కృప, ఊరి క్షేమం, పాడిపంటలు. వానల సంగతి కూడా రాశాను, అన్న కోసం.

అంతటితో ఆగినా బాగుండేది. "ఉత్త మాటలేం బాగుంటాయి, సామి ఫోటో కూడా పెట్టు. ఎంత బాగా వచ్చినాడో ఒకసారి సూసుకోనీ పాపం," అన్నాడు అన్న. నిజానికి ఆ విగ్రహాన్ని ఎవరైనా ఒకరు చూడాలని అన్నకే ఉంది. పగలగొట్టబోయే ముందు ఒక్కసారి. నాకది అర్థమైంది. ఫోటో తీసి, దాని కింద నా మెసేజ్ పెట్టి, కమిటీ వాట్సాప్ గ్రూపులోకి పంపాను.

నిమిషంలో జవాబులు మొదలయ్యాయి. దండాలు, పూలు, దీపాలు, జై శ్రీరామ్‌లు. పెద్దాయన కొడుకు ఫోను నుంచి పది దండాలు వచ్చాయి. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు, అయ్యో అనలేదు. నాకు ఎక్కడో చిన్న అనుమానం తగిలింది.

"ఒకసారి ఫోన్ చేసి అడుగుదామా అన్నా, తెలిసిందో లేదో?"

"సదివినట్టు నీలి గీతలు పడినాయి కదా? దండాలు పెట్టినారు కదా? మంచోళ్లురా వాళ్లు. పెద్దమనసుతో ఒప్పుకున్నారు. మళ్లా ఫోన్ చేసి పుండు గెలికేది ఎందుకు?"

నేనూ సరేననుకున్నాను. పైగా సోమవారం కాలేజీకి పోయి ఏం చేశానో తెలుసా? ఆ మెసేజ్‌ని క్లాసులో బోర్డు మీద రాసి, ఇదిగో చెడ్డ వార్తను ఇలా రాయాలి అని పాఠం చెప్పాను! ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సార్, ఇంత కింద రాస్తే వాళ్లు ఆడిదాకా చదవకపోతే ఎట్ల సార్?" అని అడిగింది. "చదవనివాళ్ల కోసం మనం రాయమమ్మా," అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి మొహం ముడుచుకుని కూర్చుంది. ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో గానీ, కనబడితే క్షమాపణ చెప్పుకోవాలి.

అన్న కొత్త రాయి తెచ్చుకున్నాడు. పాతదాన్ని పగలగొట్టడానికి చెయ్యి రాక గోనెపట్టా కప్పి మూల నిలబెట్టాడు. "శ్రావణం పోనీ," "పండగ పోనీ," అంటూ రోజులు జరిపాడు. నాయనలా మర్నాడే సమ్మెట తీసుకుని ఉంటే కథ అక్కడే ఆగేది. నేను కూడా ఆ మాట గుర్తు చేయలేదు. ఎందుకు చేస్తాను, ఆ విగ్రహం ఇంకొన్నాళ్లు ఉండాలని నాకూ ఉంది.

ఒక గురువారం నేను క్లాసులో ఉండగా అన్న నుంచి ఫోన్ వచ్చింది. అన్న పని వేళ ఎప్పుడూ ఫోన్ చేయడు.

"రా. బేగా రా. వాళ్లొచ్చినారు," అని పెట్టేశాడు.

బస్సు దొరికి నేను చేరేసరికి షెడ్డు ముందు ట్రాక్టరు నిలబడి ఉంది. ట్రాలీకి మామిడాకులు, అరటి పిలకలు, బంతిపూలు. ట్రాలీలో వరిగడ్డి పరిచారు, స్వామికి దెబ్బ తగలకుండా. డప్పులవాళ్లు వేపచెట్టు నీడలో కూర్చున్నారు. ఆడవాళ్లు పసుపు నీళ్ల బిందెలతో వచ్చారు. అన్న ఒక చిన్న రాతి మీద కూర్చుని నేల చూస్తున్నాడు. పెద్దాయన నా చేతిలో పత్రిక పెట్టాడు. ఆదివారం ప్రతిష్ఠ. పత్రిక మీద రంగుల్లో ఆంజనేయస్వామి. నేను తీసి పంపిన ఫోటోనే.

పత్రిక చేతిలో ఉన్నా నా నోరు ఊరుకోలేదు. "పెద్దాయనా, మేము రెండు నెలల కిందనే రాసినాం కదా. ఇదిగో సూడండి," అని అన్న ఫోను తీశాను.

పెద్దాయనకు కళ్లజోడు లేదు. ఆయన కొడుకు ఫోను తీసుకుని చూశాడు. ఫోటో ఉంది. దాని కింద శ్రీరామ, నమస్కారాలు, సంతోషం, స్వామి రూపం మీ ఊరి భక్తికి, అంతవరకు ఉంది. అక్కడ రీడ్ మోర్ అని ఉంది. ఆ కుర్రవాడు దాని మీద వేలు పెట్టాడు. మెసేజ్ చాప చుట్ట విప్పినట్టు కిందికి పోయింది. చదువుతూ పోయాడు. మోకాలి కింద సన్నని గీత దగ్గర ఆగాడు. అదే మాట రెండోసారి పైకి చదివాడు. డప్పులవాళ్లు కూడా లేచి వచ్చి నిలబడ్డారు.

"ఇంత అడుగున రాస్తే ఎవురు సూస్తారప్పా?" అన్నాడు పెద్దాయన. కోపంగా కూడా అనలేదు. "సామి ఫోటో పంపినారు. సామి తయారైనాడనుకున్నాం. అంతేకదా ఎవురైనా అనుకునేది?"

నేను ఇంకా వాదించాను. రాసిన మాట వాస్తవం కదా అన్నాను, తేదీ చూపించాను, నీలి గీతలు చూపించాను. నాలో మేష్టారు చావడు కదా. ఆ వాదంలో నేనే గెలిచాను. గెలిచి చూస్తే, అన్న ఇంకా నేల చూస్తూనే ఉన్నాడు.

ఆడవాళ్లలో ఒకావిడ గోనెపట్టా తీసింది. అందరూ ఒక్కసారిగా చేతులు జోడించారు. "యాడుంది గీత?" అని వెతికారు. ఎవరికీ కనబడలేదు. అన్న లేచి, వేలితో చూపించాడు. "ఇదా? ఇదొక గీతనా? సింధూరం పూస్తే ఏం కనపడుతాది?" అన్నారు. ఊరి ఆడబిడ్డలందరినీ పిలుచుకున్నామని, వంటలకు పొయ్యిలు కూడా తవ్వేశామని, ఉత్త ట్రాక్టరుతో ఊర్లోకి ఏ మొహం పెట్టుకుని పోవాలని అన్నారు. పెద్దాయన భుజం మీది ఎర్ర టువ్వాలు తీసి అన్న కాళ్ల దగ్గర పరిచాడు. డెబ్బై ఏళ్ల మనిషి.

అన్న నా వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. వద్దని నువ్వు చెప్పు, నా వల్ల కాదు, అని అడుగుతున్నాడు. చదువుకున్నవాణ్ణి నేను, మాట్లాడేవాణ్ణి నేను. తప్పు నాది, శిక్ష నాకు వేయండి, విగ్రహం మాత్రం ఇవ్వం, అని ఒక్క మాట అనాలి. అది అనలేకపోయాను. అంతమంది ముందు, ఆ టువ్వాలు ముందు, నా తప్పు తొందరగా ముగిసిపోతే చాలనిపించింది.

"ఇచ్చెయ్యన్నా," అన్నాను.

"నువ్వు కూడానా?" అన్నాడు అన్న.

అందరినీ బయటికి పొమ్మన్నాడు. రాతి పొడి జల్లించి, జిగురులో కలిపి, మోకాలి కింద గీతలో నింపాడు. నేను తలుపు సందులోంచి చూశాను. అంత శ్రద్ధగా చేసిన పని నేను ఇంకోటి చూడలేదు. ఆరాక నునుపు చేశాడు. నిజంగానే ఏమీ కనబడలేదు. ట్రాక్టరు డప్పులతో వెళ్లిపోయింది. వదిన దిష్టి తీసిన నీళ్లు రోడ్డు మీద పారబోసి లోపలికి వచ్చి ఏడ్చింది.

ప్రతిష్ఠ రోజు విగ్రహానికి కళ్లు తెరిచే పని శిల్పిదే. అన్న పోక తప్పలేదు. నేనూ వెంట పోయాను. కాటుక కంటే సన్నని రెండు గీతలు గీయాలి, అంతే పని. తెర వెనక అన్న ముందుగా వంగి స్వామి మోకాలి కింద వేలితో తడిమాడు. పూజారి అది భక్తి అనుకున్నాడు. తెర తీశాక ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. పెద్దాయన ఏడుస్తూ అన్నను కౌగిలించుకున్నాడు. అన్న కొయ్యలా నిలబడ్డాడు. భోజనం చేయకుండా తిరిగొచ్చాం. ఇంటికి రాగానే నాయన ఇచ్చిన ఉలులన్నీ ఒక గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

ఆ తర్వాత అన్న దేవుణ్ణి చెక్కలేదు. రోళ్లు, సన్నికళ్లు చేస్తాడు. పాతబడిన తిరగళ్లకు గాట్లు కొడతాడు. "దీంట్లో పగులుంటే పిండిలో నలుసు పడుతాది, అంతే కదా," అంటాడు. కొత్తగా తెచ్చిన నల్లరాయి షెడ్డు ముందు అట్లాగే ఉంది. భుజాలు, తల ఆనవాలు వరకు చెక్కి ఉంటుంది. వదిన దాని మీద వడియాలు ఆరబెడుతుంది. నేను ఇప్పటికీ శనివారం పోతాను గానీ, రాయడానికి మెసేజ్‌లేం ఉండవు. ఆదివారం పొద్దున ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఉగ్గాని తింటాం. ఒక్కసారైనా నన్ను తిడితే బాగుండని ఉంటుంది. తిట్టడు.

ఈ ఏడు ఒక ఆదివారం నేనక్కడ ఉండగానే పెద్దాయన కొడుకు నుంచి మెసేజ్ వచ్చింది. మొదట స్వామి ఫోటో. నేను రీడ్ మోర్ నొక్కి చివరి దాకా చదివాను, ఇప్పుడు అదొక అలవాటైంది. గుడికి ఏడాది నిండుతోందట. దాతల పేర్లతో శిలాఫలకం వేయిస్తున్నారట. దాని మీద శిల్పి పేరు కూడా ఉండాలని ఊరంతా అనుకున్నారట.

అన్న తిరగలి పక్కన పెట్టాడు. "వద్దని రాయి," అన్నాడు. "నా పేరు వద్దు. అంతే రాయి. వానలు గీనలు ఏం వద్దు."

రాశాను. "శిలాఫలకం మీద మా అన్న పేరు వేయొద్దు." అదే మొదటి లైను, అదే చివరి లైను. నమస్కారం కూడా పెట్టలేదు. పద్నాలుగేళ్ల పాఠంలో ఇంతకంటే సూటి మాట నేను రాయలేదు. అన్నకు చదివి వినిపించి పంపాను. ఈసారి ఫోన్ కూడా చేశాను.

"సూసినాంలే అన్నా," అన్నాడు ఆ కుర్రవాడు నవ్వుతూ. "పెద్ద పనోళ్లు పేరు కోరుకోరు కదా. మా నాయనకి సదివి ఇనిపిస్తే కండ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు."

"లేదప్పా, నిజంగానే వద్దంటాండాడు," అన్నాను.

"ఎవురైనా అట్లనే అంటారు కదన్నా," అన్నాడు.

ఎందుకు వద్దంటున్నాడో చెప్పబోయాను. ఏడాదిగా ఊరంతా మొక్కుతున్న స్వామి. టెంకాయలు, వడమాలలు, పిల్లల పుట్టెంట్రుకలు. ఇప్పుడు మళ్లీ పగులు మాట ఏ నోటితో ఎత్తను? ఫోన్ పెట్టేశాను.

రెండు వారాల తర్వాత ఫోటో వచ్చింది. నున్నని నల్ల పలక, దాని మీద మిషనుతో చెక్కిన తెల్లక్షరాలు, వరసగా పేర్లు. అన్న ఫోను నా చేతిలోంచి తీసుకున్నాడు. చదివి వినిపిస్తానంటే వద్దన్నాడు. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, పై నుంచి ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదివాడు. అంతసేపు అన్న చదవడం నేనెప్పుడూ చూడలేదు. అడుగున, అన్నిటికంటే కింద లైనులో, అన్న పేరు ఉంది. దాని ముందు నాయన పేరు ఉంది, ఫలానావారి కుమారుడు అని.

ఆ లైను మీద వేలు ఆగిపోయింది. పోకూడదని నాయన సమ్మెట ఎత్తిన ఆ పేరు రెండుసార్లు చదివాడు.

"నువ్వు సరిగ్గానే రాసినావురా, వద్దనే రాసినావు," అని ఫోను నాకిచ్చి, తిరగలి ముందుకు లాక్కున్నాడు.